ఆర్తసేవయు రాజనీతియు

(ఒక పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవమున నొక న్యాయవాది యొసంగిన యుపన్యాస పాఠము)

 

ఈ గ్రంథాలయమునకు వచ్చుచుండు యువకులు కొందరు, వరదలు తుపానులు సంభవించినపుడు ఆర్తులకు తోడ్పడుటకై సేవాదళ మొకటి నెలకొల్పదలచినారు. తమ నిబంధనావళిని వ్రాసి, న్యాయదృష్టితో సరిచూడుమని నాకు పంపిరి. అందు మూడవ నిబంధన యిట్లున్నది: “ఈ దళము రాజకీయములతో నెట్టి సంబంధమును కలిగియుండదు.” ఆ వాక్యము చదివి, కలము చేతబట్టి కొంతసేపు ఊరకుంటిని. కొట్టివేయుటకు మనసొప్పలేదు. ఉన్నదున్నట్లు ఉంచుటకును మనసొప్పలేదు. ఆ యొక్క వాక్యమును గూర్చియే నేటి నా ప్రసంగము.

ముందుగా ఆ వాక్యము పక్షమున వాదించెదను. ఆకలిగొన్నవాని యెదుట విస్తరి వేయునపుడు, నీ కులమేమి, నీ మతమేమి, నీ వోటెవరికి వేసితివి అని అడుగువాడు అన్నదాత కాడు, బేరగాడు. కోనసీమలో లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చిన బాటసారికిని లేదనక అన్నము పెట్టినదని మన పెద్దలు చెప్పుకొనిరి. ఆమె 1909లో గతించెను. అయినను ఆ పేరు గోదావరి తీరమున నేటికిని నిత్యస్మరణీయము. వాకిట నిలిచినవానిని ఎవడవని అడుగకుండుటయే ఆర్తసేవకు ప్రథమ ధర్మము.

అంతర్జాతీయ న్యాయము ఈ ధర్మమునే తన పరిభాషలో చెప్పుచున్నది. 1859 జూను 24వ తేదీన ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధమున గాయపడి, దిక్కులేక పడియున్న వేలకొలది సైనికులను హెన్రీ డ్యూనాంటు అను జెనీవా వాసి కన్నులార చూచెను. చేరువనున్న కాస్టిగ్లియోనె పట్టణపు స్త్రీలు, వీడు ఫ్రెంచివాడు, వాడు ఆస్ట్రియావాడు అను భేదమెంచక, అందరికిని నీరిచ్చి కట్లు కట్టిరి. డ్యూనాంటు 1862లో ఆ వృత్తాంతమును గ్రంథముగా ప్రకటించెను. 1863లో జెనీవాలో సంఘమేర్పడెను. 1864లో మొదటి జెనీవా ఒడంబడిక కుదిరెను. రెడ్ క్రాసునకు అదియే బీజము. 1949 ఆగస్టు 12వ తేదీన కుదిరిన నాలుగు ఒడంబడికలు ఆ బీజమునుండి పెరిగిన వృక్షము. మన దేశము వానిని అంగీకరించి, 1960లో శాసనము కూడ చేసినది. 1991 డిసెంబరు 19వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ చేసిన 46/182 సంఖ్యగల తీర్మానము ఆర్తసేవకు మూడు గుణములను విధించినది: మానవత, తటస్థత, నిష్పక్షపాతము. మన యువకుల మూడవ నిబంధనకు ఇంతకంటె గొప్ప సాక్ష్యమేమి కావలయును?

ఇక రెండవ పక్షము వినుడు. అన్నము పెట్టువాడు రాజకీయము మాటలాడకున్నను, ఆకలి తానే రాజకీయము మాటలాడుచున్నది. ఈ మాట మన యాంధ్రదేశపు నేలమీదనే నిలిచి చెప్పగలను.

నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమున కరువు వచ్చెను. అయిదు లక్షల జనములో సుమారు లక్షన్నర మంది నశించిరని అంచనా. ఆనాడు అక్కడ ఉద్యోగియై యున్న ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను, మన భాషకు నిఘంటువు కూర్చిన ఆ బ్రౌనే, తన నివేదికలలో దానిని ‘కరువు’ అని వ్రాసెను. పైయధికారులకు ‘కొరత’ అను మాట ప్రియము. కరువన్నందుకు వారి మెప్పు ఆయనకు దక్కలేదు. మాటలో నేమున్నదని మీరనవచ్చును. న్యాయవాదిని గనుక చెప్పుచున్నాను, మాటలోనే సర్వమున్నది. కొరత యన్నచో ఓర్చుకొమ్మని ప్రజలకు చెప్పవచ్చును. కరువన్నచో శిస్తు వసూలు ఆపవలయును, ధాన్యము తెప్పింపవలయును, ఖర్చు పెట్టవలయును. ఆకలికి పేరు పెట్టుటయే మొదటి రాజకీయ కార్యము.

ధాత కరువు సంగతి చూడుడు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ఆ కరువు దహించెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో దర్బారు జరిగెను. ఆ నెలలోనే సర్ రిచర్డు టెంపిలు మదరాసు రాజధానికి వచ్చి, కరువుపనులలో కష్టించు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఆ కూలితో కాయకష్టము చేయువాని ప్రాణము నిలువదని మదరాసు పారిశుద్ధ్యాధికారి డాక్టరు కార్నిషు లెక్కలతో వాదించెను. దేశములో ధాన్యము లేకపోలేదు. ఓడలకెక్కి పైదేశములకు పోవుచునే యుండెను. బ్రిటిషు భారతమున ఆ కరువులో అర్ధకోటికి పైగా జనము మరణించిరని చరిత్రకారుల గణన. ఒక పౌనా, పౌనున్నరయా యనునది వంటశాల ప్రశ్నయా, రాజనీతి ప్రశ్నయా? మీరే చెప్పుడు. 1880లో క్షామ విచారణసంఘము, కరువనగా ధాన్యము లేకపోవుటకంటె పనియు కూలియు లేకపోవుట యని గుర్తించినది. దాని ఫలితముగనే క్షామనిబంధనావళులు వెలసినవి.

నిబంధనలున్నంత మాత్రమున ప్రాణములు నిలువవు. 1943లో బంగాళమున క్షామనిబంధనావళి బీరువాలో నుండగనే ప్రభుత్వము కరువును శాసనప్రకారము ప్రకటింపకపోయెను. ప్రకటించినచో పని, కూలి, గంజి ఇచ్చు బాధ్యత నెత్తిన పడును గదా! ఆగస్టు 22వ తేదీన కలకత్తాలోని ‘స్టేట్స్‌మన్’ పత్రిక వీధులలో పడియున్న వారి ఛాయాచిత్రములను ప్రకటించిన పిదపగాని లోకమునకు సంగతి తెలియలేదు. విచారణసంఘము 1945లో పదునైదు లక్షల మరణములని తేల్చెను. తరువాతి పండితులు ముప్పది లక్షలవరకు లెక్కించిరి. ఆ కరువును బాలుడుగా చూచిన అమర్త్యసేను 1981లో ప్రకటించిన గ్రంథమున, అన్నము లేకపోవుట వేరు, ఉన్న అన్నమును పొందు హక్కు లేకపోవుట వేరు అని నిరూపించెను. ప్రజాపాలనయు స్వేచ్ఛగల పత్రికలును ఉన్న దేశమున మహాక్షామము కలుగదని ఆయన సిద్ధాంతము. అనగా గంజికుండతోపాటు వోటును వార్తాపత్రికయు కూడ కరువునకు మందులే.

ఇదియే మానవ భద్రతకు మూలసూత్రము. గుంటూరు కరువు తరువాత గంజి పోసిన చేతులు పుణ్యము చేసినవి, సందేహము లేదు. కాని 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి మండలములలో గంజి యవసరమునే తగ్గించివేసినది. దయచూపుడని యడిగిన కదలని ప్రభుత్వమునకు ఆర్థరు కాటను ఆదాయపు లెక్కలు కూడ చూపవలసివచ్చెను. అట్లే 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను సముద్రము ముంచినపుడు సుమారు పదివేలమంది ప్రాణములు పోయినవి. 1990 మే నెలలో మరియొక ప్రచండమైన తుపాను ఆంధ్రతీరమును తాకినది. ఆ పర్యాయము ముందుగా హెచ్చరించి ఆరు లక్షలకు పైగా జనమును తరలించిరి. మృతుల సంఖ్య వేయిలోపే నిలిచెను. గాలి మారలేదు, సముద్రము మారలేదు. ఏర్పాటు మారినది. ఏర్పాటనగా నేమి? ఖజానాలోని సొమ్ము దేనికి వెచ్చింపవలయునో నిర్ణయించుట. అదియే గదా రాజకీయము!

అట్లని ఆర్తసేవను రాజకీయుల చేతికి అప్పగింపుమని నేను చెప్పుచున్నానని తలపకుడు. అధికారము అన్నపుకుండమీద చేయి వేసిన నేమగునో కూడ చరిత్ర చూపినది. 1965 మొదలు రెండు మూడేండ్లు మనదేశమున వానలు లేక, బీహారు మున్నగు ప్రాంతములు అలమటించిన కాలమున, అమెరికా అధ్యక్షుడు జాన్సను పి. ఎల్. 480 గోధుమలను నెలనెలకు కొలిచి కొలిచి విడిచెను. మన వ్యవసాయ విధానము మార్చుకొనవలయునని ఒక షరతు. వియత్నాము యుద్ధమును మనవారు విమర్శించుటపై కోపము మరియొకటి. ఓడనుండి నోటికి అన్న జీవితమును ఆనాటివారు మరువలేదు. 1974లో బంగ్లాదేశమునకు వచ్చిన కష్టము అంతకంటె ఘోరము. ఆ దేశము క్యూబాకు గోనెసంచులమ్మినదను కారణముచేత, తమ శాసనము అడ్డువచ్చుచున్నదని చెప్పి అమెరికా ధాన్యపుటోడలను ఆలస్యము చేసినది. ఆ యెగుమతిని మానుకొనువరకు ఓడలు కదలలేదు. అప్పటికే క్షామము తీవ్రమైనది. గోనెసంచి అమ్మినందుకు, దాని నెన్నడు నమ్మని కూలివాని బిడ్డ శిక్షననుభవించెను.

ఇది పాతకథ యనుకొనవలదు. 2025 జనవరి 20వ తేదీన ఒక్క సంతకముతో అమెరికా తన విదేశ సాహాయ్యమును తొంబది దినములు నిలిపివేసినది. ఆ జూలై 1వ తేదీకి ఆ సాహాయ్యమును నడపుచుండిన సంస్థయే మూతపడినది. దూరదేశములందలి వైద్యశాలలు, భోజనకేంద్రములు తలుపులు మూసికొనవలసివచ్చెను. తమ ప్రాణము ఎవరి వోటుపై ఆధారపడి యున్నదో, ఆ వోటరులను ఆ రోగులెన్నడు చూడలేదు. ఇచ్చువాని దయపై నిలిచిన భద్రత భద్రత కాదు, గడువు మాత్రమే.

ఇంక ఆర్తసేవకుడు కన్నులు మూసికొన్నపుడు నేమగునో రెండు సంగతులు చెప్పెదను. 1942 అక్టోబరులో అంతర్జాతీయ రెడ్ క్రాసు సంఘము జెనీవాలో సమావేశమై, జర్మనీవారు యూదులు మున్నగువారిపై జరుపుచున్న ఘోరములను గూర్చి బహిరంగ ప్రకటన చేయుదమా యని చర్చించి, తుదకు మౌనమే మేలని నిశ్చయించెను. యుద్ధఖైదీలకు చేయుచున్న సేవకు భంగము కలుగునేమో యని వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. కాని ఆ మౌనము తరువాతి కాలమున ఆ సంస్థకే మాయని మచ్చ యైనది. 1967 మొదలు 1970 వరకు నైజీరియాలో బయాఫ్రా యుద్ధమున పిల్లలు ఆకలితో చచ్చుచుండగా, మౌనము సహింపలేక కొందరు ఫ్రెంచి వైద్యులు నోరు తెరచిరి. 1971లో ‘సరిహద్దులు లేని వైద్యులు’ అను సంస్థ ఏర్పడుటకు అది యొక ప్రేరణ.

రెండవది గోమా సంగతి. 1994 ఏప్రిలు మొదలు జూలై వరకు రువాండాలో సుమారు ఎనిమిది లక్షలమంది, ముఖ్యముగా టుట్సీలు, ఊచకోతకు గురియైరి. ఆ జూలైలో పాలకులు ఓడిపోగా, కొలది దినములలో దాదాపు పదిలక్షల జనము సరిహద్దు దాటి జైరు దేశములోని గోమాకు చేరినది. కలరా వ్యాపించెను. లోకమంతయు మందులు, ధాన్యము పంపెను. కాని ఆ శిబిరములను ఏలుచుండినవారెవరు? ఊచకోత నడిపిన ఆ నాయకులే! ధాన్యపు జాబితాలు వారి చేతిలో, మూటలు వారి చేతిలో, మరల యుద్ధము చేయుటకు సన్నాహము వారి మనసులో. ఆ సంవత్సరము నవంబరులో సరిహద్దులు లేని వైద్యుల ఫ్రెంచి శాఖ శిబిరములను విడిచిపోయెను. ఇతరులు కొందరు, పసిబిడ్డలను విడిచి యెట్లు పోదుమని నిలిచిరి. ఇందెవరు ధర్మము చేసిరో నేను తీర్పు చెప్పజాలను. ఒక్కటి మాత్రము నిశ్చయము: జాబితా ఎవరి చేతనున్నదో యడుగని సేవ, తనకు తెలియకయే ఒక పక్షమునకు సేన యగును.

ఒకే యుపద్రవము, రెండు ఫలితములు. దీనిని కూడ గమనింపుడు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ కెరటము ఇండోనీషియాలోని ఆచే ప్రాంతమును, సింహళద్వీపమును ఒకేదినమున తాకినది. మన కోస్తాలోను ప్రాణములు తీసినది. ఆచేలోను, సింహళములోను అప్పటికే ప్రభుత్వమునకును, వేర్పాటువాదులకును ఏండ్ల తరబడి పోరు. ఆచేలో ఉభయపక్షములును శవముల నడుమ నిలిచి ఆలోచించుకొని, 2005 ఆగస్టు 15వ తేదీన హెల్సింకీలో సంధి చేసికొనిరి. సింహళములో సాహాయ్యమును ఉభయులు కలిసి పంచుకొనుటకై 2005 జూనులో ఒక యొప్పందము వ్రాసికొనిరి. రాజకీయ కలహములు రేగినవి. జూలైలో అత్యున్నత న్యాయస్థానము దాని ముఖ్యభాగములను నిలిపివేసెను. మరుసటి యేడు యుద్ధము మరల ప్రజ్వరిల్లి 2009 మే నెలవరకు సాగెను. కెరటమునుండి బ్రతికినవారు ఎందరో గుండ్లకు బలియైరి. లోకము పంపిన సొమ్ము రెండుచోట్లను వచ్చినది. సొమ్ము శాంతిని కొనలేదు. శాంతికోరిన రాజనీతి యున్నచోట మాత్రము ఆ సొమ్ము ఇండ్లుగా నిలిచినది.

ఈ యనుభవముల సారముగా వచ్చినదే ‘మానవ భద్రత’ యను భావము. భద్రత యనగా సరిహద్దున సైన్యము మాత్రమే యని పూర్వమనుకొనిరి. 1994లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ మానవాభివృద్ధి నివేదికలో, మహబూబ్ ఉల్ హక్ నాయకత్వమున, దీనిని తిరుగవ్రాసిరి. జీవనోపాధి, ఆహారము, ఆరోగ్యము, పరిసరములు, వ్యక్తిరక్షణ, సమాజరక్షణ, రాజకీయ స్వేచ్ఛ అని ఏడంగములు చెప్పిరి. భయమునుండి విముక్తి, లేమినుండి విముక్తి యని దాని సంగ్రహము. 2012లో సర్వసభ్యసభ దీనిని తీర్మానమున చేర్చి, దీని పేరు చెప్పి ఏ దేశముమీదను బలప్రయోగము చేయరాదని హద్దు కూడ గీసినది. 2018 మే నెలలో భద్రతామండలి 2417వ తీర్మానమున, పౌరులను ఆకలిచేత మాడ్చుటను యుద్ధసాధనముగా వాడుటను ఖండించినది. ఖండించినంతనే ఆగినదా? ఆగలేదు. కాని నేరమునకు పేరు పెట్టబడినది. బ్రౌనుదొర కాలమునుండి మనము నేర్చిన పాఠమదియే గదా.

మన యింటిలోని శాసనములు కూడ చూడుడు. 2005 నాటి విపత్తు నిర్వహణ శాసనము 61వ విభాగము, పరిహారము, సాహాయ్యము ఇచ్చునపుడు లింగము, కులము, తెగ, వంశము, మతము అను కారణములచేత భేదము చూపరాదని ఆజ్ఞాపించుచున్నది. 2013 నాటి ఆహారభద్రతా శాసనము చవుకధాన్యమును హక్కుగా చేసినది. దయ యిచ్చినది అడిగి పుచ్చుకొనవలయును, హక్కు నిచ్చినది అడిగి రాబట్టుకొనవచ్చును. ఈ భేదమును ఊరూర చెప్పుటయు ఆర్తసేవయే యని నా యభిప్రాయము.

నా యనుభవమొకటి చెప్పి ముగించెదను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమును ముంచినపుడు, వకీలువృత్తిలో నప్పుడప్పుడే కుదురుకొనుచున్న నేను మిత్రులతో కూడి బియ్యపుమూటలు మోసితిని. నదీతీరమున నొక గ్రామములో స్థానికుడైన పెద్దమనిషి యొకడు మాకొక జాబితా నిచ్చెను. మేము రాజకీయమెరుగని సేవకులము గనుక, జాబితా ప్రకారము పంచి, ధన్యులమైతిమని లారీ యెక్కితిమి. ఊరిచివర కొట్టుకొనిపోయిన గుడిసెలచెంత నొక ముసలమ్మ లారీకి అడ్డముగా నిలిచి, “మా వాడ పేరు ఆ కాగితములో ఉంటదా నాయనా?” అని అడిగినది. లేదు. ఒక్క పేరును లేదు. లారీలో మూటయు మిగులలేదు. మేము ఎవరి పక్షమును వహింపలేదనుకొంటిమి. జాబితా వ్రాసినవాని పక్షమును దినమంతయు వహించితిమి. మరునాడు మూటలతో తిరిగిపోయితిమి, నిజమే. కాని ఆ రాత్రి ఆ వాడలో పొయ్యి వెలుగలేదు.

కావున, యువక మిత్రులారా! మీ మూడవ నిబంధనను నేనిట్లు మార్చి యిచ్చుచున్నాను: “ఈ దళము ఏ పక్షమునకును చెందదు. ఏ పక్షపు జెండాను, ఛాయాచిత్రమును మూటలపై అంటింపదు. షరతుగల దానమును స్వీకరింపదు. జాబితాను తానే వాడవాడ తిరిగి వ్రాసికొని, గ్రామచావడిలో అందరును చూచునట్లు అతికించును. సేవ ముగిసిన పిమ్మట, ఆ కష్టము ఏల కలిగెనో, ఎవరి బాధ్యత తప్పినదో విచారించి, ప్రభుత్వమునకును పత్రికలకును నిర్భయముగా వ్రాసి తెలుపును.”

మొదటి నాలుగు వాక్యములును సీతమ్మగారి వాకిటి ధర్మము. కడపటి వాక్యము పౌరధర్మము. చేయి తటస్థముగా నుండవలయును, కన్ను తటస్థముగా నుండరాదు. దీనివలన మీకు చందాలు కొన్ని తగ్గవచ్చును. కొందరు పెద్దల వాకిళ్లు మూయబడవచ్చును. ఈ సవరణను అంగీకరించుటయు, నిరాకరించుటయు మీ యిష్టము. కాని సంతకము చేయుటకు ముందు ఒక్కసారి, లారీకి అడ్డముగా నిలిచిన ఆ ముసలమ్మకు ఏమి సమాధానము చెప్పుదురో ఆలోచించుకొనుడని మాత్రము ప్రార్థించుచు విరమించుచున్నాను.